యాదమ్మ ప్రింటన్న నక్షత్రాలు

అసలు ఇక్కతా, ప్రింటా అన్నది చీర మడత విప్పకముందే చెప్పేస్తుంది యాదమ్మ. ఇరవై ఏళ్లు పోచంపల్లిలో నూలుకు ముడులు కట్టి రంగులద్దిన మనిషి. అసలుదానిలో పువ్వు అంచు కాస్త చెదిరి ఉంటుంది. గీత గీసినట్టుంటే ప్రింటే. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో చీరలు మడతపెట్టడమే పని. వచ్చినవాళ్లు ధర అడుగుతారు గానీ ఆమె కంటితో ఎవరికీ అవసరం లేదు. ఆ దిగులు ఆమెకు లోపల ఉండనే ఉంది.

కోడలు సుచిత్ర ఫోన్లో ఒక వెబ్‌సైట్ చూపించింది. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటితే వెలుగు రవ్వంత తగ్గి, తెర మీద ఆ వెలుగును కొలిచి పెట్టిన చుక్కల వరుసలో చిన్న గుంత పడుతుంది. ఆ గుంతల మీద ఎవరైనా వేలితో తాకి గుర్తు పెట్టొచ్చు. పెద్ద చదువు అక్కర్లేదు.

"అక్కడ మనుషులుంటరా?"

"ఎవరికీ తెల్వదత్తమ్మా. ముందుగాల గ్రహం దొరకాలె కదా."

"ఉంటే బట్టలు కట్టుకుంటరు. బట్టలుంటే నేసెటోళ్లుంటరు," అని తేల్చేసింది యాదమ్మ. ఇంత తేలిగ్గా ఏ శాస్త్రవేత్తా తేల్చలేదు.

మధ్యాహ్నం బేరాలు లేనప్పుడల్లా గుర్తులు పెట్టింది. నెల తిరక్కుండానే సైటు మొట్టికాయ వేసింది. ఏడు గ్రహాలను వదిలేశారు, ఇలాగే అయితే మీ గుర్తులకు విలువ ఉండదు అని. యాదమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ ఏడూ ఆమెకు గుర్తే. గుంత అంచులు మరీ తీరుగా ఉన్నాయని, ప్రింటని పక్కన పెట్టినవి.

"నా కన్ను పోయింది బిడ్డా," అని ఫోన్ ముట్టుకోవడమే మానేసింది.

సుచిత్రకు మనసొప్పలేదు. ఎల్బీ నగర్ మెట్రోలో నిలబడే సైటు నియమాలన్నీ చదివి, దిగగానే దుకాణానికి పరుగెత్తుకొచ్చింది.

"అత్తమ్మా! గా ఏడు నిజం గ్రహాలు కావు. మనల్ని పరీక్ష చేసేందుకు కంప్యూటర్ల తయారు చేసినయంట!"

"మరి నాది తప్పెట్లయితది?"

"గుంత కనిపిస్తే గుర్తుపెట్టాలె, అంతే. అసలుదా కాదా అని వాళ్లు అడగలే."

యాదమ్మ చేతిలోని చీరను మడతపెట్టి పక్కన పెట్టింది. గుర్తుపెట్టకుంటే తన మాట లెక్కలోకి రాదు. పెడితే ప్రింటును నేత అని చెప్పినట్టే.

"పెడత. గానీ కింద రాయి, ఇది ప్రింటని."

అట్లా పదకొండింటి కింద రాయించింది. ఒకరోజు సైటువాళ్ల జవాబు వచ్చింది. సుచిత్ర తెలుగులో చదివి చెప్పింది.

"పదకొండూ వాళ్లు చేసినవేనంట. మీకెట్ల తెలిసిందని అడుగుతున్నరు."

యాదమ్మకు కళ్లు నిండాయి. కట్టుకున్న ఇక్కత్ చీర కొంగును గల్లా బల్ల మీద పరిచి, పువ్వు అంచు చెదిరిన చోట వేలు పెట్టింది.

"గిది ఫోటో తీసి పంపు."