చుక్కల కోడి ఎవరిది?

క్రిస్మస్ సెలవులకి డుంబ్రిగుడ దగ్గర అక్కావాళ్ల ఊరు వెళ్తూ, తోటి టీచరమ్మ దగ్గర ఒక సస్పెన్స్ నవల అడిగి పట్టుకెళ్లాను. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్క ఎంతో మంచిది. చెల్లెలికి జడ వేస్తూ, అన్నం పెడుతూ ఇరవయ్యేళ్లుగా ఒక రహస్యం దాస్తుంటుంది. వంద పేజీలు దాటేసరికి నాకు మా అక్క మీదే అనుమానం పట్టుకుంది. ఆవిడ మంచం కింద పెట్టెకి తాళం ఉంది. అందులో రగ్గులుంటాయని నాకు తెలుసు. అయినా తాళమెందుకు?

మూడో రోజు పొద్దున్న కళ్లంలో ఎండబోసిన కాఫీ పళ్లు తిరగేస్తున్నాం. ఉండబట్టలేక అడిగేశాను, నా దగ్గర ఏమైనా దాచావా అని. నవ్వేస్తుందనుకున్నాను. అక్క చేతిలో కర్ర ఆగిపోయింది.

"అమ్మ సెప్పీసిందా?" అంది.

 అక్క అక్కడే కూర్చుని మొత్తం చెప్పుకొచ్చింది. నేను మూడో తరగతిలో ఉండగా మా ఇంట్లో ఒకేలా ఉండే రెండు చుక్కల కోడిపెట్టలుండేవి. ఒకటి అక్కది, ఒకటి నాది. ఒకరోజు నాది కనబడలేదు. అడవిపిల్లి ఎత్తుకుపోయిందన్నారు. రెండు రోజులు తుప్పలన్నీ వెతుక్కుంటూ ఏడ్చాను. నిజానికి ఆ రోజు మామయ్య వచ్చాడట. ఒక కోడిని పట్టి తెమ్మంది అమ్మ. అక్క తనది దాచుకుని నాది పట్టి ఇచ్చిందట.

"ఆ కూర నువ్వే రెండుసార్లు ఏయించుకున్నావు," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

మధ్యాహ్నం అన్నం మానేశాను. ఆకలి వేస్తూనే ఉంది గానీ, అంత మాట విన్నాక వెంటనే తింటే ఏం బాగుంటుంది? అక్క బతిమాలి బతిమాలి, ఆఖరికి జి.మాడుగులలో ఉన్న అమ్మకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. అమ్మ అంతా తాపీగా వింది.

"నీదనుకుని మీ అక్క పట్టి తెచ్చింది దాని కోడినే," అంది నాతో. "కూరైపోయినాక సెప్పి ఏటి లాభం?"

కాలి గోరు విరిగిన కోడి అక్కదట, కూరైంది అదేనట. మిగిలినది నాదేనట. అక్క దాన్ని తనదనుకుని మూడేళ్లు మేపిందన్నమాట.

 అక్క గోడకి జారబడి, పాతికేళ్ల కిందట పోయిన కోడి కోసం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కంచం ముందుకి లాక్కుని, ఒక చేత్తో తింటూ రెండో చేత్తో ఆవిడ వీపు నిమిరాను.

ఆ వారం సంతలో అక్క చుక్కల పెట్ట ఒకటి కొంది. ఇంటికొచ్చీ రాగానే దాని కాలికి ఎర్ర దారం కట్టింది. నన్ను దాని జోలికి వెళ్లొద్దంది.