సాయవ్వ చూడాలనుకున్న చుక్కలు

బోధన్‌లో మా పక్కింటి సాయవ్వకు చూపు పోతున్నదని తెలిసి వాడంతా అయ్యో పాపం అన్నది. జాలి ఖర్చులేని పని కదా, అందరూ చేశారు. ఆమె మాత్రం ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. నీటికాసులు ముదిరాయనీ, పోయిన చూపు ఇక రాదనీ డాక్టరు చెప్పేశాడు. భర్త ఎప్పుడో పోయాడు. ఆ చాట మీదే కూతురు స్నేహలతను చదివించింది.

స్నేహలత పుణెలో చుక్కల మీద పరిశోధన చేస్తుంది. సాయవ్వకు మిగిలిన కోరిక ఒక్కటే. చూపు పూర్తిగా పోకముందే, బిడ్డ చూసే ఆ చుక్కలను తానూ ఒక్కసారి చూడాలి. ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేది. తాను కనిపెట్టింది ఇంకా రూఢి కాలేదు, కాగానే ఫొటో తెస్తానని కూతురు దాటేసేది. నాకు ఒళ్లు మండేది. రుజువులు దొరికేదాకా కళ్లు ఆగుతాయా?

ఆగలేదు. దీపావళి దాటాక ఒక పొద్దున సాయవ్వకు తన వాకిలి కనబడలేదు. బిడ్డ పని చెడుతుంది, చెప్పొద్దని మా చేత ఒట్టు వేయించుకుంది.

చలి ముదిరాక స్నేహలత ఫొటో పట్టుకుని వచ్చింది. నేనక్కడే ఉన్నాను. తల్లి చూపు తన మీద నిలవకపోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కాసేపటికి వచ్చి కుంపటి పక్కన కూర్చుని, ఫొటో ఆమె చేతిలో పెట్టింది. సాయవ్వ దాన్ని తడిమింది.

"ఎట్లున్నయ్ బిడ్డా?"

"నేను గూడ కండ్లతోని సూడలే అవ్వా. ఎవ్వలూ సూడలేరు."

అవి లోకం మొదట్లోని చుక్కలట. మన పాలపుంతలో ఏడాదికి ఒకటో రెండో సూర్యుళ్లు పుడితే, అవి ఉన్న దూరపు పుంతలో వేయి పుట్టేవట. కానీ చుట్టూ దట్టమైన దుమ్ము. వాటి వెలుగును ఆ దుమ్మే మింగి వెచ్చబడుతుంది. ఆ సెగ పన్నెండు వందల కోట్ల ఏళ్లు ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది. యంత్రాలు పట్టుకునేది దాన్నే, ఫొటో గీసేదీ దానితోనే.

కుంపటిలో నిప్పులు బూడిద కింద ఉన్నాయి. ఎరుపు ఎక్కడా కనబడటం లేదు. స్నేహలత తల్లి కుడిచెయ్యి పట్టుకుని దాని పైన ఉంచింది.

"గిట్లనే అవ్వా. నాకు గూడ గిట్లనే తెలుస్తది."

సాయవ్వ చాలాసేపు చెయ్యి తీయలేదు. అవి ఇంకా మండుతున్నాయా అని అడిగింది. అంత తొందరగా చుక్కలను కన్న చోట వాటిని పుట్టించే సరుకు ఎప్పుడో అయిపోయి ఉంటుందనీ, సెగ మాత్రం ఇప్పుడు అందుతున్నదనీ కూతురు చెప్పింది. గొంతు వణకలేదు. తల్లికి తెలియకుండా ఏడవవచ్చు అనుకున్నట్టుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

సాయవ్వ ఎడమచేత్తో బిడ్డ ముఖం వెతుక్కుంది. చెంప మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

"చెంప కాలుతున్నది. ఎందుకేడుస్తవ్ బిడ్డా, సూసిన గదా."