సగం మొహంతో మొదలైన మా అక్క సైట్

నిన్న ట్యూషన్‌లో ఉంటే అమ్మ ఫోన్ చేసింది.

"సుధక్క లేదు పాపా. ఇంటికి రా."

"ఏ సుధ?" అన్నాను. మా పెదనాయన కూతురు కాకుండా ఇంకే సుధైనా అయ్యుండాలని.

కామెర్లు. ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు కూడా సైట్‌లో న్యూస్ పెట్టింది.

మీలో చాలామందికి తను ఆ సైట్‌తోనే తెలుసు. కామిక్స్, కార్టూన్లు, ఏ పుస్తకం వస్తోంది, ఏది ఆగిపోయింది, అన్నీ ఇంగ్లీషులో.

అది ధర్మవరంలో ఒక నెట్ సెంటర్‌లో పుట్టింది. అప్పుడు నాది నాలుగో క్లాస్. బెంగళూరు బస్సులో కొత్త కామిక్స్ పార్సిల్ దిగగానే అక్క బస్టాండ్‌లో పుస్తకాల బంకు దగ్గర నిలబడే చదివేసేది. తర్వాత ఆ కబుర్లు సైట్‌లో పెట్టడానికి నెట్ సెంటర్‌కి పరుగు.

పెదనాయన పట్టుచీరలకు గ్రాఫ్ పేపర్ మీద డిజైన్లు గీస్తారు. సైట్ బొమ్మ కూడా అక్క ఆ పేపర్ మీదే గీసింది. చీర డిజైన్ సగమే గీస్తారు, రెండో సగాన్ని మగ్గం తిప్పి నేస్తుంది. ఆ అలవాటులో తనకిష్టమైన కామిక్ హీరో మొహం కూడా సగమే గీసి, అలాగే సైట్‌లోకి ఎక్కించేసింది.

పెదనాయన స్క్రీన్ చూసి, "సగం చాలు కదమ్మే, మిగతాది అదే చూసుకోదా?" అన్నారు.

"కంప్యూటర్‌కు మగ్గానికున్న బుద్ధి యాడుంది నాయనా!"

సరిచేసే లోపే రీడర్స్ సూపర్ స్టైల్ అన్నారు. అదే లోగో అయింది. తర్వాత ఫోరం, ఇంట్లో డయల్-అప్, సొంత డొమైన్.

ఆ సైట్ అంటే నాకు కుళ్లు.

ఇవాళ ఇంకా ఎక్కువ. ఫోరంలో అందరూ "మా అక్క" అంటున్నారు. ఎవరికి అక్క? మీరు తన గొంతైనా విన్నారా?

పక్కనే కూర్చుని సినిమాకి పోదాం రా అంటే, "ఉండు మే, ఈ ఒక్క మెయిల్" అనేది నాతో. ఆ ఒక్కటీ ఎప్పుడూ అయ్యేది కాదు. ఆ మెయిల్ మీలో ఎవరిదో.

ఒక సంగతి. ఇది మా నాయన దాకా పోనివ్వకండి, ప్లీజ్. అక్క సైట్‌లో కార్తీక్ పేరుతో రివ్యూలు రాసేది నేనే. నాయనకు తెలిస్తే చదువు మాన్పిస్తారు. ఎవరికీ చెప్పనని అక్కతో ఒట్టు వేయించుకున్నాను.

పొద్దున పెదనాయన ఇంట్లో ఫోన్ మోగితే నేనే ఎత్తాను. హైదరాబాద్ నుంచి షాలిని, అక్కతో కలిసి సైట్ నడిపే అమ్మాయి. సైట్ పాస్‌వర్డ్ అక్క ఇచ్చింది తనకే. నాకు కాదు.

"నువ్వెవరు?" అంది ఏడుస్తూ.

"చెల్లెల్ని."

"సుధకి చెల్లి ఉందా? ఎప్పుడూ చెప్పలేదే!"

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా మాట ఎత్తలేదా?

"సైట్ మూసేయాలేమో. నేనొక్కదాన్నే నడపలేను. కార్తీక్ ఎవరో తెలిస్తే అడిగేదాన్ని. ఎన్నిసార్లడిగినా సుధ చెప్పలేదు, ఒట్టేశానంది."

అప్పుడర్థమైంది. నన్ను దాచమంటే, అక్క నన్ను మొత్తంగా దాచేసింది.

వసారాలో నాయన గొంతు వినిపిస్తోంది.

"మూయొద్దు. కార్తీక్ నేనే," అన్నాను, మెల్లగా.

పోయిరా అక్కా. ఏ తొందరా లేకుండా, చల్లగా నిద్రపో.