తొట్టి ఎంతసేపట్లో నిండును?

మా నాన్నని సెలోమా తీసుకెళ్ళలేక షెపర్టన్ తీసుకెళ్ళాను. ఈ ఒక్క వాక్యంతో ప్రయాణమంతా చెప్పేసినట్టే. అయినా ఆ దారిన ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

సెలోమా అనే దేశం ఉందని మనలో చాలామందికి తెలియదు. ఎర్రమట్టి కొండల దేశం. మన మేష్టార్లు పరాయి దేశాల బళ్ళలో ఉద్యోగాలకి వెళ్ళే రోజుల్లో నాన్న తెనాలి నుంచి అక్కడి అర్బెన్ అనే ఊరికి లెక్కల మేష్టారుగా వెళ్ళారు. నేను నడక నేర్చుకున్నది అర్బెన్‌లోనే. నాకు ఏడేళ్ళప్పుడు వేసవి సెలవులకి తెనాలి వచ్చాం. ఇక్కడ మా అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కడుతుండగా అక్కడ రాజుని దింపేశారు. విమానాలు ఆగిపోయాయి. విప్లవం వెనకే యుద్ధం వచ్చి ముప్పై ఏళ్ళకి పైగా నడిచింది. మా గిన్నెలూ, నాన్న సైకిలూ, నా చెక్క బొమ్మా అక్కడే ఉండిపోయాయి.

శాంతి ఒప్పందం అయిన ఏడే నాన్న, "ఒకసారి వెళ్ళొద్దామా అమ్మా?" అని అడిగారు. వచ్చే ఏడు చూద్దాం అన్నాను. ఆ పై ఏడూ అదే మాట అన్నాను. ఈలోగా ఆయనకి గుండె ఆపరేషన్ అయింది, ఇక దూరం విమానాలు ఎక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. నేను తెనాలి నుంచి ఈ దేశం వచ్చి క్లేటన్‌లో మందుల షాపు నడుపుతున్నాను. ఏ మాత్ర ఏ వేళకి వేసుకోవాలో ఊరందరికీ చెప్పే మనిషిని, నా ఇంట్లో మాత్రం వేళ దాటబెట్టాను. దానికి నేను ఇప్పటికీ బాధపడుతూనే ఉన్నాను.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉంటున్నారు. పగలు షాపులో ఒక మూల కుర్చీలో కూర్చుంటారు. ఆ మధ్య మందులకోసం వచ్చిన సెలోమా ఆవిడ ఒకరు ఆయనతో మాట కలిపింది. వారం తిరక్కుండా, రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న షెపర్టన్ నుంచి తెరోస్ ఫోన్ చేశాడు. అర్బెన్‌లో నాన్న చివరి క్లాసుకి లీడరు ఇతనే. ఇప్పుడు పండ్ల డబ్బాల ఫ్యాక్టరీలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతున్నాడు, అరవైకి దగ్గర పడ్డాడు. వచ్చే గురువారం ఆ ఉద్యోగం వదిలేసి, తిరిగి కడుతున్న అదే బడిలో లెక్కలు చెప్పడానికి వెళ్ళిపోతున్నానని చెప్పాడు. వెళ్ళేముందు సార్‌ని ఒక్కటి అడగాలట, అది ఫోన్‌లో అడిగేది కాదట.

జూలై నెల, ఈ దక్షిణార్ధగోళంలో నడి చలికాలం, శనివారం. పొద్దున్న ఏడింటికి క్లేటన్‌లో రైలెక్కాం. నాన్న మంకీ క్యాప్ మీద మళ్ళీ మఫ్లరు చుట్టి, నా పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకున్నారు. సిటీలో మారి సదరన్ క్రాస్ స్టేషన్ చేరేసరికి ఎనిమిది దాటింది. షెపర్టన్ రైలు తొమ్మిదిన్నర ప్రాంతంలో ఉంటుంది. సీటు ముందే రిజర్వ్ చేయించుకోండి, శనివారాలు నిండిపోతుంది. రైల్లో తినడానికి ఏమీ అమ్మరు. మేం పులిహోర కట్టుకెళ్ళాం కాబట్టి సరిపోయింది, నాన్న సీమోర్ స్టేషన్ రాకముందే డబ్బా ఖాళీ చేశారు.

ఎదురు సీట్లో కూర్చున్న అమ్మాయి పులిహోర వాసనకి తలెత్తింది. నిజామాబాద్ అమ్మాయి, షెపర్టన్ ఆసుపత్రిలో నర్సు.

"అంకుల్, గింత చలిల యాడికి పోతున్రు?"

"నా స్టూడెంటు దగ్గరికి."

"యూనివర్సిటీలనా?"

"కాదమ్మా, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు."

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను సంగతి చెప్పాను. సెలోమా పేరు వినగానే, "మా వార్డ్‌ల ఇద్దరు సెలోమా ఆంటీలున్నరు. బ్రేక్‌ల కూసొని ఫోన్‌లనే ఇల్లు కట్టిస్తరు. గోడ లేసిందా, రేకులొచ్చినయా, గదే ముచ్చట. వాపస్ పోతం అనరు, పోం అనరు" అంది.

"మరి నువ్వు వెళ్తావా నిజామాబాద్?" అన్నారు నాన్న.

"పర్మనెంట్ వీసా వచ్చినంక డిసైడ్ చేద్దామనుకున్న అంకుల్. గది వచ్చి నాలుగేండ్లయింది." నవ్వి, కిటికీ వైపు తిరిగింది.

నగాంబీ దాటాక కూడా పొగమంచు వదల్లేదు. షెపర్టన్ దగ్గరపడేకొద్దీ ఆకు రాలిపోయిన పియర్ తోటలు వరసలు వరసలుగా వస్తాయి, కొమ్మలన్నీ కత్తిరించి ఉంటాయి. పన్నెండు దాటాక దిగాం. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మోటెల్‌లో గది తీసుకున్నాం. హీటరు గట్టిగా చప్పుడు చేస్తుంది గానీ పడకలు శుభ్రంగా ఉన్నాయి.

మూడింటికి తెరోస్ కారు తెచ్చాడు. పొడుగు మనిషి, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర సరిగ్గా వంగదు. నాన్నని చూసి కాళ్ళకి దండం పెట్టబోతాడేమో అనుకున్నాను. అలా చేయలేదు. అటెన్షన్‌లో నిలబడి, క్లాసు మొత్తం ఒక్కసారిగా అనే రాగంలో "నమస్కారం సార్" అన్నాడు. తెలుగులోనే. ఆ తర్వాత అతను మాట్లాడినదంతా ఇంగ్లీషు, దాన్ని నేను మన మాటల్లో రాస్తున్నాను.

ఒక ఫుట్‌బాల్ క్లబ్ హాలులో అతనికి వీడ్కోలు ఏర్పాటు చేశారు. యాభై మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో నాన్న దగ్గర చదువుకున్నవాళ్ళు నలుగురే. ఆ నలుగురికీ 'తప్పు' అనే మాట వచ్చు. నాన్న బోర్డు మీద కొట్టేస్తూ అనే ఆ మాట అర్బెన్‌లో ఊరంతా పాకిందట. యుద్ధంలో తుపాకి గుండు గురికి తగలకపోయినా పక్కవాడు "తప్పు" అనేవాడని తెరోస్ చెప్పాడు. నాన్న నవ్వలేదు. "ఇందుకా నేను చెప్పింది?" అని నాతో మాత్రం అన్నారు.

గోడకి అర్బెన్ ఫోటోలు అంటించారు. బడికి ఆరు గదుల్లో నాలుగింటికి రేకులు పడ్డాయి, రెండు ఇంకా ఆకాశం కిందే ఉన్నాయి. దారి పక్క రాళ్ళకి రంగులు వేసి ఉన్నాయి. ఎర్రరాయి ఉంటే అటు అడుగు వేయకూడదు, అక్కడ ఇంకా మందుపాతరలు తీయలేదు. తెల్లరాయైతే నడవొచ్చు. మేమున్న వీధికి ఇప్పుడు ఒక పటాలం పేరు పెట్టారు. మా ఇల్లు ఉండే చోట వంతెన కోసం ఇసుక పోశారు. నాన్న ఆ ఇసుక కుప్ప ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన మొదట అడిగినప్పుడే, ఆరేళ్ళ కిందట తీసుకెళ్ళి ఉంటే గోడైనా కనిపించేదేమో. తెరోస్ కొడుకు ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉంటే, నువ్వూ వెళ్తున్నావా అని అడిగాను. "నాకక్కడ ఎవరూ తెలీదు, ఆంటీ" అన్నాడు.

పుల్లటి రొట్టె, దానిమీద మన ముద్దపప్పు లాంటి పప్పు పెట్టారు. భోజనాలయ్యాక తెరోస్ లేచి తెల్లబోర్డు మీద ఒక లెక్క రాశాడు.

ఒక గొట్టం తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది. రెండోది పన్నెండు గంటల్లో నింపుతుంది. అడుగునున్న తూము నిండు తొట్టిని మూడు గంటల్లో ఖాళీ చేస్తుంది. మూడూ ఒకేసారి తెరిస్తే తొట్టి ఎంతసేపట్లో నిండును?

"సెలవులకి వెళ్తూ మీరిచ్చిన లెక్క సార్. వచ్చాక చూస్తానన్నారు."

నాన్న కళ్ళజోడు సరిచేసుకున్నారు. "మూడా?" అన్నారు.

"మూడే సార్. అందరం చూశాం."

వాళ్ళ క్లాసులో మిలెన్ అనే అమ్మాయి ఉండేది. ఆ లెక్క చూసిన రోజే, ఈ తొట్టి ఎప్పటికీ నిండదు, సార్ తప్పు రాశారు అందట. గురువుది తప్పు అనడం అక్కడ చిన్న మాట కాదు. అన్నవాళ్ళు ఆ మాట తేలేదాకా క్లాసుకంతా నీళ్ళు మోయాలి, తేలాక తప్పు ఎవరిదైతే వాళ్ళు మోయాలి. అది ఆ బళ్ళ ఆచారం. తేల్చాల్సిన నాన్న లేరు. సార్ వచ్చేదాకా నువ్వే మొయ్యి అని లీడరుగా తెరోస్ తీర్పు చెప్పాడు. కొండ కింద వాగు నుంచి ఆ అమ్మాయి బడి మూతపడేదాకా నీళ్ళు మోసింది. తర్వాత ఇద్దరూ యుద్ధంలోకి వెళ్ళారు, వేరే వేరే దళాల్లో.

"ఏడేళ్ళ తర్వాత ఒక ఏటి రేవులో కనిపించింది సార్. తన దళానికి డబ్బాల్లో నీళ్ళు పడుతోంది. నన్ను చూసి, సార్ వచ్చారా అని అడిగి నవ్వింది. నేను క్షమించమని అడగలేదు. ఆ నెలలోనే పోయింది." తెరోస్ నాన్న వైపు ఒక అడుగు వేశాడు. "వాళ్ళమ్మ అర్బెన్‌లోనే ఉంది. ఇల్లు మళ్ళీ కట్టుకుంది. ఊరికి ఎవరు వచ్చినా ఇదే అడుగుతుంది, నా కూతురిది తప్పా అని. గురువారం నేను ఆమె గడప ముందు నిలబడాలి. ఏం చెప్పను సార్?"

నాకు లెక్కలు అంతగా రావు. అయినా నాకే తెలిసిపోయింది. రెండు గొట్టాలూ కలిసి గంటలో నింపేది పావు తొట్టి, తూము గంటలో లాగేసేది మూడో వంతు. అది నిండదు. అక్కడున్న నలుగురికీ ఇన్నేళ్ళుగా తెలిసే ఉంటుంది. సార్ రాసింది తప్పని నోటితో అనడానికే వాళ్ళకి మనసొప్పలేదు.

వాళ్ళలో ఒకాయన లేచి, "మమ్మల్ని పరీక్షించడానికే అలా ఇచ్చారు కదా సార్?" అన్నాడు. ఎంత మంచి దారి చూపించాడో. నేను నాన్న చెవిలో, "అవునని చెప్పండి నాన్నా" అన్నాను.

ఆయన నా మాట పట్టించుకోకుండా లేచి, బోర్డు దగ్గరికి వెళ్ళి వేలితో మూడుని చెరిపి, ఎనిమిది వేశారు.

"ఇది నేను ఏటా చెప్పే లెక్క. తూముకి ఎనిమిది గంటలు, జవాబు ఎనిమిది గంటలు. ఆ రోజు బయట బస్సు హారన్ కొడుతోంది. తొందరలో ఎనిమిది వేయబోయి మూడు వేశాను." మళ్ళీ ఎనిమిదిని చెరిపి మూడు వేశారు. దాని పక్కన 'నిండదు' అని ఇంగ్లీషులో రాసి, కింద మిలెన్ పేరు రాశారు. "మిలెన్‌ది ఒప్పు. నాది తప్పు."

ఆఖరి మాట తెలుగులో అన్నారు. దాన్ని ఎవరూ అనువదించనక్కర్లేకపోయింది.

తర్వాత మూల బల్ల మీదున్న పెద్ద నీళ్ళ జగ్గు రెండు చేతులతో ఎత్తారు. మొదటి బల్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ గ్లాసులో పోయసాగారు. జగ్గు బరువుకి నీళ్ళు కోటు మీద ఒలుకుతున్నాయి. తెరోస్ అడ్డం వచ్చి, "మీరు కాదు సార్, నేను" అన్నాడు.

"నువ్వు తర్వాత. లెక్క నాది" అన్నారు నాన్న.

జగ్గు అందుకుందామని నేను లేచాను. "కూర్చో" అన్నారు, పాత క్లాసు గొంతుతో. నాతో పాటు ఆ నలుగురూ కూర్చున్నారు. జగ్గు ఖాళీ అయితే వంటగదిలోకి వెళ్ళి నింపుకుని వచ్చి, ఫోన్ చూసుకుంటున్న పిల్లలతో సహా అందరికీ పోశారు. అందరూ ఇచ్చిన నీళ్ళు ఇచ్చినట్టు తాగారు. నేనూ తాగాను. ఆయన కూర్చున్నాక తెరోస్ జగ్గు తీసుకుని మళ్ళీ మొదటి బల్ల నుంచి మొదలుపెట్టాడు.

ఆదివారం తిరుగు రైలు ఉదయాన్నే. తెరోస్ స్టేషన్‌కి వచ్చాడు. గురువారం దాకా ఆగలేక రాత్రే మిలెన్ వాళ్ళమ్మకి ఫోన్ చేశాడట. ఆమె అంతా విని, సారు ఇప్పుడు ముసలివాడై ఉంటాడు కదా, నీళ్ళు తనే మోశాడా అని అడిగిందట. మోశారన్నాడట.

"అయితే మిలెన్ మోసిన బిందె నా దగ్గరే ఉంది, ఆయన్ని వచ్చి మా ఇంటికి కూడా ఒక బిందె నీళ్ళు పోయమను అంది సార్."

అది కోపమో పిలుపో నాకు అర్థం కాలేదు. నాన్నకి అర్థమైనట్టుంది. తెరోస్ వంగని చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఒకసారి నొక్కి రైలెక్కారు.

ఏడేళ్ళప్పుడు వదిలిన సెలోమాని నేను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు నాకు తెలిసిన సెలోమా నాలుగు గదుల రేకులు, రంగు వేసిన రాళ్ళు, ఒక హాలు నిండా నీళ్ళ గ్లాసులు. షెపర్టన్ వెళ్ళేవాళ్ళు చలికాలంలో వెళ్ళకండి. వెళ్ళదలచుకున్న చోటు ఇంకేదైనా ఉంటే మాత్రం కాలం చూసుకోకండి.

పియర్ తోటలు వెనక్కి పోతున్నాయి. కోటు మీద నీళ్ళ మరక ఇంకా పోలేదు. నాన్న కిటికీ నుంచి తల తిప్పి, "అందరికీ పోశాను, ఆ తల్లికే పోయలేదు" అన్నారు.

"వచ్చే ఏడు చూద్దాం నాన్నా." నోటికి అలవాటైన మాట, ఆపుకునేలోగా వచ్చేసింది.

ఆయన నా చెయ్యి తట్టారు.

"వద్దులే అమ్మా. మళ్ళీ తప్పు లెక్క ఇవ్వొద్దు."