చెమర్చిన ఉప్పు

ఇవాళ పొద్దున పప్పులో ఉప్పు వేద్దామని జాడీలో చెయ్యి పెడితే, రాళ్లుప్పు తడితడిగా వేళ్లకు అంటుకుంది. అప్పుడే ఫోను మోగింది, వాతావరణ శాఖ హెచ్చరిక. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వచ్చే నాలుగు రోజులూ ఎండ ముదురుతుందట, సముద్రం మీది తేమగాలికి ఉక్కపోత ఎక్కువట, మధ్యాహ్నం పూట బయట తిరగవద్దట. "నీకన్నా ఉప్పే ముందు చెప్పిందిలే" అని ఫోనుతో పైకే అనేశాను. బాపట్లలో ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను కాబట్టి సరిపోయింది. ఉప్పు ముందే చెబుతుందనే మాట మా మామయ్యది.

మామయ్య అంటే మా మేనత్త భర్త. కొల్లిపర దగ్గర పల్లెలో వ్యవసాయం. వాళ్ల వీధి అరుగు పక్కన గూట్లో, కొబ్బరిచిప్పలో గుప్పెడు రాళ్లుప్పు ఉండేది. పొద్దున లేవగానే, పళ్లయినా తోముకోకుండా, మామయ్య ఆ ఉప్పును వేలితో నొక్కి చూసేవారు. గరగరలాడితే పడమటి గాలి, ఎండ కాస్తుంది. చెమర్చితే సముద్రపు గాలి, వాన వస్తుంది. అంతే ఆయన శాస్త్రం. వీధిలో ఆడవాళ్లు "ఏంటి అన్నయ్యా, ఇవాళ వడియాలకి పిండి కలపమంటారా?" అని వచ్చి అడిగేవారు. ఆయన ఒక పట్టాన చెప్పేవారు కాదు. ఉప్పు నొక్కి, ఆకాశం చూసి, గొంతు సవరించుకొని, పెళ్లి ముహూర్తం పెట్టినంత బిగువుగా "కలుపుకోండమ్మా" అనేవారు. రేపల్లెలో ఉండే ఆయన తమ్ముడు, సముద్రానికి వీళ్లకన్నా దగ్గరలో ఉండి కూడా, ఫోను చేసి అన్నగారి ఉప్పునే అడిగేవాడు. జోస్యం తప్పిన రోజున మాత్రం "గాలి తిరిగింది" అని తేల్చేసేవారు. "కూరలోకి లేకపోయినా పర్లేదు, ఈ ఇంట్లో ఉప్పు జోస్యానికుంటే చాలు" అని అత్తయ్య మూతి తిప్పేది.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక వేసవి సెలవులకు వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి మొక్కజొన్న ఒలిపించి, గింజలను ఇంటి ముందు రోడ్డు మీద ఆరబోశారు. అంతకు ముందు ఏడు ఇలాగే ఆరబోసినప్పుడు వాన తడిపేసి గింజకు బూజు పట్టింది, వ్యాపారి ముట్టుకోనన్నాడు. ఆ దెబ్బ ఇద్దరికీ బాగా గుర్తుంది. అందుకే ఆ రోజు పొద్దున చిప్పలో ఉప్పు నీరు కారుతుంటే మామయ్య మొహం మారిపోయింది. "సాయంత్రంలోపే వాన పడుద్ది. నేను తెనాలి పోయి ఇంకో రెండు టార్పాలిన్ పట్టాలు తెస్తా. నువ్వు ఈలోపు గింజ కుప్ప చేసి, ఉన్న పట్టా కప్పించు" అని అత్తయ్యకు చెప్పి బస్సెక్కారు.

కూలీలు ఎండ తగ్గాక వస్తామన్నారు. అత్తయ్య ఆగలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి ఆడడం లేదు. చీపురూ చేటా పట్టుకొని ఒక్కతే దిగింది. సాయానికి వెళ్లిన నన్ను పావుగంటలోనే లోపలికి తోలేసింది. "రోహిణి రాకముందే రోళ్లు పగిలేట్టున్నాయి. నీ మొహం కందిపోద్ది, పో అమ్మాయ్" అంది. నేను పోయాను. ఫ్యాను కింద పడుకొని వారపత్రిక చదువుకున్నాను. మధ్యలో ఒకసారి మంచినీళ్లు పట్టుకెళితే చీర ఒంటికి అతుక్కుపోయి ఉంది. "ఎంత కారినా చెమట ఆరదేంటే" అని నవ్వింది. వాన వచ్చే ముందు అంతేలే అనుకున్నాం ఇద్దరం. మళ్లీ చూసేసరికి కుప్పంతా పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, ఆఖరి రాయి పక్కనే అత్తయ్య ఒరిగిపోయి ఉంది. చెయ్యి వేస్తే ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో తెనాలి చేరకముందే అత్తయ్య పోయింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు, గాలిలో ఇంత తేమ ఉంటే చెమట ఆరదనీ, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదనీ, వడదెబ్బ అప్పుడే తొందరగా కొడుతుందనీ చెప్పారు. కబురంది వచ్చిన మామయ్య చంకలో కొత్త పట్టాలతో నిలబడి విన్నారు. "ఉప్పు సరిగ్గానే చెప్పిందండి. నేనే గింజ గురించి అడిగాను, మనిషి గురించి అడగలేదు" అన్నారు. ఆ సాయంత్రం వాన పడలేదు. పెద్దకర్మ నాటికి కూడా పడలేదు.

ఉప్పుచిప్ప విసిరేస్తారనుకున్నాను. విసరలేదు. వడియాల సంగతి ఎవరైనా అడిగితే "నాకు తెలీదమ్మా" అనేవారు. కానీ ఉప్పు చెమర్చిన రోజున కర్ర పట్టుకొని రోడ్డంతా తిరిగేవారు. "ఇవాళ ఉప్పు చెమర్చింది, లోపలికి పోండమ్మా. గింజ పోతే పోద్ది" అని ఆరబోతల దగ్గరున్న ఆడవాళ్లను బతిమాలేవారు, వినకపోతే తిట్టేవారు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని కుర్రకారు నవ్వేవారు. అయినా ఆయన పోయేదాకా ఆ వీధిలో మళ్లీ ఎవరికీ వడదెబ్బ తగల్లేదు. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. ఫ్యాను కింద ఆ వారపత్రిక ఏం చదివానో ఇవాళ్టికీ గుర్తుంది, అదే నా శిక్ష.

పప్పు దించి వీధిలోకి వెళ్లాను. ఎదురింటి కోడలు మేడ మీద నెత్తిన కొంగేసుకొని మిరపకాయలు తిరగేస్తోంది. "ఫోన్లో చెప్పారమ్మా, దిగిరా" అన్నాను. "అయిపోయిందండి పిన్నిగారూ, ఒక్క పది నిమిషాలు" అంది. ఆ పది నిమిషాలూ ఆ ఎండలోనే నిలబడి, దిగిందాకా పిలుస్తూనే ఉన్నాను. అత్తయ్యను పిలవాల్సిన పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, నేను మాత్రం ఇంకా వాటిలోనే ఉన్నాను.