అక్క చేసిన గిన్నె

నా చిన్నప్పుడు నేను చేసిన వెధవ పనుల్లో చాలావాటికి వీపు విమానం మోత మోగింది. అవన్నీ మరిచిపోయాను. ఒక్క పనికి మాత్రం ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అదే నన్ను ఇన్నేళ్లూ వదలలేదు.

మాది తెలుగు నేల సరిహద్దులోని కోంటా నుంచి వచ్చిన వ్యాపారస్తుల కుటుంబం. బైలదిల్లా కొండల్లో ఇనుప రాయి తవ్వకం మొదలయ్యే రోజుల్లో మా నాన్న కొండ కింద కిరాణా కొట్టు పెట్టాడు. ఆ రాయి కొనేది జపాను వాళ్లు కాబట్టి, దాన్ని పరీక్షించడానికి అక్కడినుంచి కొందరు వచ్చి డేరాల్లో ఉండేవారు. వాళ్లలో ఒకాయనకు జ్వరం పట్టుకుంది. డేరా కారుతోందని మా నాన్న ఆయన్ని వానాకాలమంతా మా కొట్టు పక్క గదిలో ఉండమన్నాడు. క్యాంపులో నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలతోనే ఆయన నెట్టుకొచ్చేవాడు. మాకు ఆయన జపాను మామ.

ఆయన దగ్గర ఒక మట్టి గిన్నె ఉండేది. పొద్దున్నే అందులో పచ్చటి టీ ఆకు పొడి వేసి, వేడినీళ్లు పోసి, వెదురు పుల్లల కుంచెతో నురగ వచ్చేదాకా చిలికి, రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. "ఏంది బిడ్డా, ఆ ఆకు పసరు? జ్వరానికి మందా?" అని మా నానమ్మ ముక్కు మీద వేలేసుకునేది. తాగాక ఆయన గిన్నెను అటూ ఇటూ తిప్పి, బోర్లించి, అడుగు చూసేవాడు. అందులో చూడటానికేముందో నాకు అర్థమయ్యేది కాదు. పైన బూడిద రంగు, ఒక పక్కకు వంగిన అంచు, లోపలంతా గోధుమరంగు గీతలు. మా సంతలో కుమ్మరి అలాంటిది పెడితే ఎవరూ చేత్తో ముట్టరు.

ఒకరోజు నేను తొంగి చూస్తుంటే పిలిచి గిన్నె నా చేతుల్లో పెట్టాడు. అడుగు దగ్గర గాజులాంటి పూత అంటని మచ్చలు మూడు ఉన్నాయి. నా వేళ్లు పట్టి వాటిలో పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. గిన్నెను పూతలో ముంచినప్పుడు ఎవరో పట్టుకున్న చోటది. "దీదీ నే బనాయా" అన్నాడు. వాళ్ల అక్క చేసిందన్నమాట. గిన్నె గోరువెచ్చగా ఉంది. ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టే అనిపించి, భయపడి ఇచ్చేశాను.

తర్వాత ఆయనకు కొండ మీద నాలుగు రోజుల పని పడింది. గిన్నెను గూట్లో పెట్టి, జాగ్రత్త అని నాకు సైగ చేసి వెళ్లాడు. పదేళ్ల పిల్లని, నాకెంత గర్వమో. కానీ గది ఊడ్చడానికి వెళ్లిన నానమ్మ కంట అది పడనే పడింది. మా ఇళ్లల్లో ఇత్తడి చెంబు ఎంగిలైతే చింతపండుతో తోమితే చాలు, మట్టి పాత్ర ఎంగిలైతే ఇక దానికి శుద్ధి లేదు, పారెయ్యాల్సిందే. లోపలి మరకలు చూసి నానమ్మ గుండె బాదుకుంది. "ఎన్నేండ్ల ఎంగిలే ఇది! నా ఇంట్ల ఉండొద్దు" అని పెరట్లోకి విసరబోయింది.

నేను కాళ్లు పట్టుకుని బతిమాలాను. మరక లేకుండా చేస్తానని ఒట్టు పెట్టాను. బట్టల సోడా నీళ్లలో గిన్నెను ఉడకబెట్టాను. బూడిదతో, కొబ్బరి పీచుతో రెండు రోజులు తోమాను. వేళ్లు పగిలి మండాయి. చివరికి ఒక్క గీత లేదు, లోపలంతా పాలలా తెల్లబడింది. నానమ్మే మెచ్చుకుంది. జపాను మామ రాగానే పరుగున వెళ్లి చూపించాను.

ఆయన గిన్నెను వెలుగుకు పట్టాడు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు. పోగొట్టుకున్నదేదో వెతుకుతున్నట్టు లోపల వేలితో తడిమాడు. నా మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఏమైందని నాన్న అడిగితే, తన హిందీలో ఆగి ఆగి చెప్పాడు. అక్క ఆ గిన్నెలోనే రోజూ తాగేదట. పూతలో సన్నని పగుళ్లుంటాయి, ఏళ్ల తరబడి తాగిన టీ వాటిలో ఇంకి ఆ గీతలు తేలాయట. అక్క చనిపోయింది. ఆమె ఫొటో కూడా ఆయన దగ్గర లేదు.

నాన్న ఆ మాటలు మాకు తెలుగులో చెప్తుంటే నానమ్మ గడప మీద కూలబడింది. "ఎంగిలనుకున్నా, కొడకా. మనిషని తెల్వకపాయె" అంది జపాను మామను చూసి.

నేను ఏడుస్తుంటే ఆయన నీళ్లు కాచాడు. కుంచెతో చిలికి, మొదటి గుటక తను తాగకుండా గిన్నెను నాకు అందించాడు. "అబ్ తుమ్ సే షురూ" అన్నాడు. ఇక నీతో మొదలు అని. చేదుగా ఉంది. కన్నీళ్లతో కలిపి తాగేశాను. నా తర్వాత ఆయన తాగాడు.

వానలు తగ్గాక ఆయన గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు. ఆ అక్క మాత్రం వెళ్లలేదు. పెరట్లో నేను ఏ గిన్నె తోముతున్నా వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టుండేది. తిరిగి చూడాలంటే భయం. పెళ్లయ్యాక కూడా ఆ భయం పోలేదు.

మా నానమ్మ పోయినప్పుడు నాకు పెద్ద పిల్లలున్నారు. ఆనవాయితీ ప్రకారం ఆమె పక్కబట్టలన్నీ మూటగట్టి చాకలికి వేస్తున్నారు. ఆమె తల ఆనిన చోట ఆముదం మరక పడిన దిండు గలీబును నేను మూటలోంచి లాక్కున్నాను. మైల బట్ట అని అందరూ నన్ను తిట్టారు. ఇవ్వలేదు.

అదిప్పుడు నా బీరువాలో ఉంది. వాసన పోయి చాలా ఏళ్లయింది. మా కోడలు మంచి పిల్ల, ఒక్కసారి ఉతికిస్తా ఇవ్వండత్తయ్యా అని పండగ పండక్కీ అడుగుతుంది. వద్దంటాను. పదేళ్ల వయసులో ఒక మనిషిని తెలియక కడిగేశాను. తెలిసి ఇంకొకరిని కడగలేను.