హౌజుల చిల్లగింజ

తెలివి తక్కువైతె మనిషి చెడ్తడంటరు. నేను తెలివెక్కువై చెడిన. సిరొంచల ఐసుగడ్డలు చేసే ఒక బర్ఫ్ కార్ఖానను ఒక్క పూటల బురద మడి చేసిన ముచ్చట ఇది. ఆనాడు నాటేస్తె వరి మొలిచేది. ఇయ్యాలనైతె నవ్వుకుంట చెప్తున్న.

మా ఆయన ఆ కార్ఖానల నీళ్ళ పని చేసేటోడు. కామెర్లొచ్చి పోయిండు. దినాలైనంక సేటు నన్ను పిలిపిచ్చిండు.

"పోచక్కా, నీ మొగని పని ఒక నెల చేసి చూడు. కుదిరితె ఉంటవు. కుదరకుంటె ఇంకొకల్ని చూసుకుంట" అన్నడు.

నాకా, దున్నుకునే భూమి లేదు. తల్లిగారింటికి పోదామంటె వదిన మొఖం చూడాలె. ఆ నెల రోజుల మీదనే నా బతుకు నిలబడ్డది.

పనేందో చెప్త, వినుండ్రి. బర్ఫ్ చేసే మిషిను ఊకె వేడెక్కుతది. ఆ వేడిని నీళ్ళు గుంజుకుంటయి. వేడి నీళ్ళు పైపులకెళ్ళి టవర్ మీదికెక్కి, సన్నసన్న తూములల్లకెళ్ళి చినుకులోలె రాల్తయి. నెత్తి మీద పెద్ద పంక తిరుగుతాంటె సల్లబడి కింద హౌజుల, అంటె పెద్ద నీళ్ళ తొట్టిల, పడ్తయి. పంపు మళ్ళ వాటిని మిషిను కాడికి గుంజుకపోతది. గానుగెద్దు లెక్క ఇదే తిరుగుడు. హౌజుల పడ్డ టేకాకులు, పురుగులు తీసుడు, గోడల నాచు గీకుడు, డబ్బాల మందు మూతతోటి కొలిచి పోసుడు, ఇవి నా పనులు. నీళ్ళను వడకట్టే ఇసుక డ్రమ్ము మట్టుకు మిషిను నడిపే శంకర్ చూసుకునేటోడు. "డ్రమ్ము ముట్టకక్కా, అది నా డ్యూటీ" అనేటోడు.

ఇరవై రోజులు గీకిన. నా చేతి గీతలన్న అరిగినయి గని, నీళ్ళు మట్టుకు చాయ్ లెక్కనే ఉండె.

"నీళ్ళు ఎందుకు తేరుతలెవ్వు తమ్మీ?" అని శంకర్‌ను అడిగిన.

"నది నీళ్ళక్కా. గట్లనే ఉంటయి."

"మా ఆయన ఉన్నప్పుడు?"

"అప్పుడు కూడ గట్లనే ఉండె" అన్నడు, ఫోన్లకెళ్ళి తల ఎత్తకుండ.

నేను వింటనా? మా తల్లిగారిది జింగనూర్. అక్కడ వాగు నీళ్ళు ఎర్రగొస్తె ఎవ్వరు పరేషాన్ కారు. అడివిల చిల్లగింజలు దొరుకుతయి. ఒక్క గింజను రాయి మీద అరగదీసి, ఆ గంధం కుండల కలిపితె, అన్నం ఉడికి కూర తాలింపయ్యే లోపట మన్నంత అడుగుకు దిగుతది. పైన నీళ్ళు అద్దమే. ఇంట గెలిచి రచ్చ గెలువాలంటరు గదా. నేను కుండ గెలిచి హౌజు గెలుద్దామనుకున్న.

గని తిరిగే నీళ్ళల్ల మన్ను దిగది. నిలబడాలె. నా అదృష్టమో, సేటు గ్రహచారమో, లైన్ల ఏదో పనున్నదని ఒకరోజు పొద్దుగాల కరెంటు బంద్ పెట్టిండ్రు. మిషిను ఆగింది, పంపు ఆగింది. శంకర్ బువ్వ తినుటానికి ఇంటికి పోయిండు. కుండకొక గింజైతె హౌజుకెన్ని? నాకు అంత లెక్క రాదు. ఇంట్ల దాచిన చిల్లగింజల సంచి మొత్తం తెచ్చి, ముందటేసుకొని అరగదీసుకుంట కూసున్న. పెండ్లిపిల్లకు కూడ ఎవ్వరు అంత గంధం తియ్యలే.

అదంత హౌజుల కలిపి, మధ్యాన్నం దాటినంక చూస్తె, అండ్ల నా మొఖం నాకు కనవడ్డది. బొట్టు లేని మొఖమే గని, నవ్వుతాంది. అడుగున మన్ను మెత్తటి పరుపు లెక్క పండుకున్నది. పండుకోనియ్యి, మనకేమన్నదనుకున్న.

ఇంతటితోని ఊకుంటె ఈ ముచ్చట లేకపోవు. పోయి సేటును పిలిచిన. ఆయన నాగేపల్లిల పెండ్లికి పోవాలని కొంగ లెక్క తెల్లంగి తొడుక్కొని ఉన్నడు. వచ్చి టవర్ పక్కన వంగి చూసిండు.

"ఆరి, ఏం మాయ చేసినవ్ పోచక్కా?"

"మాయేమున్నది సేటు, పని తెలువాలె."

ఆ మాట నోట్లె ఉన్నది, కరెంటొచ్చింది. శంకర్ పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి టైముకొచ్చి, పంపు, మిషిను రెండిటి స్విచ్ ఒత్తిండు.

మనం కుండల నీళ్ళు మీదికెళ్ళి ముంచుకుంటం. పంపు అడుగుకెళ్ళి తాగుతది. ఈ చిన్న ముచ్చట నాకు తట్టలే. నిండుకుండ తొణకదంటరు. నిండు హౌజు తొణికితె ఎట్లుంటదో మట్టుకు ఎవ్వరు చెప్పలే.

ముందుగాల టవర్ కడుపుల గుడగుడమన్నది, పెండ్లి బువ్వ అరగనోని లెక్క. తర్వాత తూములల్లకెళ్ళి చినుకులు కాదు, ముద్దలు పడ్డయి. సగం హౌజుల, సగం సేటు మీద. ఆ తర్వాత తూములు మూసుకపోయి అంత సప్పుడు బంద్. ఇంకింత సేపటికి మిషిను వేడెక్కి గంట మోగిచ్చి పండుకున్నది.

గేటు కాడ రేగుంట చేపలాయన గంపలేసుకొని నిలబడి ఉన్నడు. "బర్ఫ్ ఏది సేటు? చేపలు నన్నే చూస్తున్నయి" అన్నడు.

శంకర్ ఉరికొచ్చిండు. "అక్కా, హౌజుల ఏమేసినవ్?"

"ఏమెయ్యలే తమ్మీ. జరంత చిల్లగింజ."

"జరంతనా?"

"సంచెడు."

సేటుకు కోపమొస్తె మరాఠీల తిడ్తడు. ఇంకా ఎక్కువొస్తె తెలుగుల తిడ్తడు. ఆనాడు ఏ భాషల తిట్టలే. అప్పుడు నాకు అసలు భయమైంది. అంగి మీది మన్ను తీసి వేళ్ళతోటి నలుపుకుంట చూసిండు.

"శంకర్, ఇంత మన్ను హౌజులకెట్లొచ్చింది? ఇసుక డ్రమ్ము పని చేస్తలేదా?"

"ఉన్నది సేటు."

"ఉన్నదా అని అడుగలే. ఏం చేస్తాంది?"

"నిలబడ్డది సేటు."

సేటు డ్రమ్ము మూత తీపిచ్చిండు. లోపట ఇసుక బెల్లం ముద్ద లెక్క గడ్డకట్టి ఉన్నది. వారానికొకసారి నీళ్ళు ఎదురు తిప్పి ఆ ఇసుకను కడగాలె. అది బరువైన పనని మా శంకర్ తమ్ముడు పక్క పైపు పిడి తిప్పి, నీళ్ళను డ్రమ్ముకు తగలకుండనే తోలుతున్నడు. ఇరవై రోజులు నేను గీకింది ఆయన బద్ధకాన్ని.

ఇగ అందరం టవరెక్కినం. సేటు బనీను మీద, శంకర్ మొఖం మాడ్చుకొని, చేపలాయన బర్ఫ్ మీది ఆశతోని, నేను తల వంచుకొని. చీపురు పుల్లలతోటి ఒక్కొక్క తూము పొడుసుకుంట పోయినం. పొద్దు గూకే యాళ్ళకు నీళ్ళు మళ్ళ చినుకులైనయి. అప్పటికి నాగేపల్లి పెండ్లి అప్పగింతల దాక పోయి ఉంటది.

దిగినంక అడిగిన. "సేటు, నేను రేపటిసంది రావాలెనా, వద్దా?"

"డ్రమ్ము కడుగుడు కూడ ఇగ నీదే. నువ్వు పోతె ఎవలు కడగాలె?" అన్నడు.

పానం లేచొచ్చింది. ఊకుంటనా? "మరి చిల్లగింజ సేటు?"

"దాని పేరెత్తితె, గింజ బదులు నిన్ను అరగదీస్త."

అందుకే గోదారి, ప్రాణహిత కలిసే కాడ నిలబడి, రెండు నదులు సాక్షిగ ఒట్టేసుకున్న. తిరిగే నీళ్ళల్ల గింజ కలుప. పంపు నోరు ఏడున్నదో చూడక ముందు తెలివి బయటపెట్ట. అన్నిటికన్న పెద్ద ఒట్టు ఇది: మంచి పని చేస్తె చేస్త గని, తెల్లంగి తొడుక్కున్నోళ్ళను పిలిచి చూపియ్య.